99కి సగం 92: రూన్‌స్కేప్ లోపలి లెక్కలు

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆటలో ప్రతి స్కిల్‌కూ 99 లెవెల్స్ ఉంటాయి. చెట్లు నరకడం, చేపలు పట్టడం, వంట, కత్తియుద్ధం, మంత్రవిద్య, ఏదైనా సరే 99 దగ్గర శిఖరానికి చేరుతుంది. ఈ దారిలో సగం ఎక్కడ వస్తుందని కొత్తగా చేరినవారిని అడిగితే 50 అంటారు. ఆ లెక్క తప్పు. సగం దారి పూర్తయ్యేది 92వ లెవెల్ దగ్గర. అక్కడి నుంచి మిగిలిన ఏడు మెట్లకు కావలసినన్ని పాయింట్లు, అంతకుముందు ఎక్కిన మెట్లన్నిటికీ కలిపి కావలసినన్ని ఉంటాయి.

ఆటలో ఇలాంటి వింతలు ఇంకా ఉన్నాయి. పెద్ద కత్తి కన్నా చిన్న కత్తి ఎక్కువ పని చేస్తుంది. కవచం తొడుక్కున్నా తగిలిన దెబ్బ తీవ్రత తగ్గదు. నూట ఇరవై ఎనిమిదింటికి ఒకసారి దొరకాల్సిన వస్తువు ఒక్కోసారి మూడొందల సార్లకూ దొరకదు. వీటన్నిటి వెనుకా సర్వర్‌లో స్థిరమైన నియమాలున్నాయి. కొత్తవారికి అందే సలహాలు మాత్రం చాలావరకు ‘ఇది కొను, అక్కడికి వెళ్లు’ అన్న ధోరణిలోనే ఉంటాయి. కారణం తెలియని సలహా పరిస్థితి మారగానే పనికిరాకుండా పోతుంది. కారణం తెలిసినవారికి తర్వాతి సలహా అడగాల్సిన అవసరం అంతగా ఉండదు.

ఆండ్రూ గోవర్, ఆయన సోదరుడు పాల్ గోవర్ తయారుచేసిన రూన్‌స్కేప్ 2001 జనవరిలో మొదలైంది. దీన్ని నడిపే జాగెక్స్ సంస్థ ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉంది. బ్రౌజర్ తెరిస్తే చాలు ఆడుకోవచ్చు అన్న సౌలభ్యం ఆ రోజుల్లో దీన్ని లక్షలమందికి చేర్చింది. 2012లో పోరాట విధానాన్ని సమూలంగా మార్చడం పాత ఆటగాళ్లకు రుచించలేదు. సంస్థ దగ్గర 2007 ఆగస్టు నాటి ఆట ప్రతి ఒకటి భద్రంగా ఉంది. ఓటింగ్ పెట్టి, ఆ పాత ప్రతిని 2013 ఫిబ్రవరిలో ‘ఓల్డ్ స్కూల్’ పేరుతో మళ్లీ తెరిచారు. 2018 నుంచి అది ఫోన్‌లోనూ నడుస్తోంది. కంప్యూటర్‌లో పెంచుకున్న పాత్రే ఫోన్‌లోనూ కొనసాగుతుంది. డబ్బు కట్టకుండా ఆడేవారికి 15 స్కిల్స్, పటంలో కొంత భాగం అందుబాటులో ఉంటాయి. చందా కట్టినవారికి మిగతా లోకమంతా తెరుచుకుంటుంది. కింద చెప్పబోయే నియమాలు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఏడు మెట్లకోసారి రెట్టింపు

ఆటలో ఏ పని చేసినా ఆ స్కిల్‌లో అనుభవం పాయింట్లు చేరతాయి. ఆటగాళ్లు వీటిని ఎక్స్‌పీ అంటారు. ఇవి తగినన్ని పోగైతే లెవెల్ పెరుగుతుంది. ఒక్కో మెట్టుకు కావలసిన ఎక్స్‌పీ, దాని కిందిమెట్టుకు పట్టినదాని కన్నా దాదాపు పదో వంతు ఎక్కువ ఉండేలా పట్టికను రూపొందించారు. పదో వంతు చూడ్డానికి చిన్నదే. కానీ పెరిగినదాని మీదే మళ్లీ పెరుగుతూ పోతుంది కనుక ఏడు మెట్లు ఎక్కేసరికి అది రెట్టింపవుతుంది. 99కి సగం 92 కావడానికి కారణం ఇదే. 99 నుంచి ఏడు మెట్లు కిందికి దిగితే పోగైన మొత్తం సగానికి తగ్గుతుంది. 92వ లెవెల్‌కు 65,17,253 ఎక్స్‌పీ కావాలి. 99కి 1,30,34,431.

ఎన్ని గోబ్లిన్లు కావాలి?

ఆట మొదలయ్యే లంబ్రిడ్జ్ ఊరి బయట తిరిగే 2వ స్థాయి గోబ్లిన్ అనే చిన్న శత్రువుకు 5 పాయింట్ల ప్రాణం ఉంటుంది. కత్తియుద్ధంలో శత్రువుకు తగిలించిన ఒక్కో పాయింటుకు, ఎంచుకున్న స్కిల్‌లో 4 ఎక్స్‌పీ వస్తుంది. అంటే ఒక గోబ్లిన్‌కు 20. ఇదే లెక్కన 1వ లెవెల్ నుంచి 2కు వెళ్లాలంటే 83 ఎక్స్‌పీ, అంటే 5 గోబ్లిన్లు చాలు. 40వ లెవెల్ చేరాలంటే మొత్తం 37,224 ఎక్స్‌పీ, 1,862 గోబ్లిన్లు. 98 నుంచి 99కి ఎక్కే చివరి మెట్టు ఒక్కదానికే 61 వేలకు పైగా గోబ్లిన్లు కావాలి. ఇంత దూరం గోబ్లిన్లతోనే నెట్టుకొచ్చేవారెవరూ ఉండరు. ఎక్కువ ప్రాణం ఉన్న శత్రువుల దగ్గరికి వెళ్లక తప్పని పరిస్థితిని ఈ పట్టికే కల్పిస్తుంది.

దీన్నుంచి కొత్తవారికి రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, కింది మెట్లు చాలా చవక. అక్కడ ఎవరైనా కొంచెం ఎక్స్‌పీ బహుమతిగా ఇస్తే ఒక్క గెంతులో చాలా పైకి వెళ్లవచ్చు. ఆటలో పూర్తిచేయాల్సిన కథలను క్వెస్ట్‌లంటారు. చందాదారులకు ఉన్న వాటర్‌ఫాల్ క్వెస్ట్ ఇందుకు మంచి ఉదాహరణ. దీన్ని మొదలుపెట్టడానికి ఏ స్కిల్‌లోనూ కనీస లెవెల్ అక్కర్లేదు. దారిలో తమకన్నా ఎన్నో రెట్లు బలమైన రాక్షసుల పక్క నుంచి పరిగెత్తాలి, వెంట తిండి ఉండాలి, అంతే. పూర్తిచేస్తే అటాక్‌లో 13,750, స్ట్రెంగ్త్‌లో 13,750 ఎక్స్‌పీ ఇస్తారు. 30వ లెవెల్‌కు కావలసింది 13,363. అంటే 1వ లెవెల్‌లో ఉన్నవారు ఒక్క కథతో రెండు స్కిల్స్‌లోనూ 30 చేరతారు. ఇదే బహుమతిని 70వ లెవెల్ దాకా ఆగి తీసుకుంటే తర్వాతి మెట్టులో ఐదో వంతు కూడా నిండదు. అందుకే పోరాట ఎక్స్‌పీ ఇచ్చే క్వెస్ట్‌లను వీలైనంత ముందే చేయాలి.

రెండో సంగతి కొంచెం సూక్ష్మమైనది. లెవెల్ పెరిగేకొద్దీ ఎక్కువ ఎక్స్‌పీ ఇచ్చే పనులు తెరుచుకుంటాయి. మామూలు చెట్టు నుంచి ఒక దుంగ తీస్తే 25 ఎక్స్‌పీ. 15వ లెవెల్‌లో ఓక్ చెట్టుకు 37.5, 30లో విల్లో చెట్టుకు 67.5, 60లో యూ చెట్టుకు 175. ఈ అంకెలు చూసి 60 రాగానే యూ చెట్ల దగ్గరికి పరిగెత్తేవారు చాలామంది. అక్కడికి వెళ్లాక లెవెల్ పెరగడం మందగిస్తుంది. ఒక్కో దుంగకు వచ్చే ఎక్స్‌పీ ఎక్కువే, కానీ దుంగ రావడానికి పట్టే సమయం అంతకన్నా ఎక్కువ. ఆ దశలో గంటకు లెక్కవేస్తే విల్లో చెట్టే ముందుంటుంది. యూ దుంగలకు సంతలో ధర ఎక్కువ కాబట్టి డబ్బు కోసం నరికేవారికి అవి సరైనవి, లెవెల్ కోసం నరికేవారికి కావు. ఒక్క పనికి ఎంత అని కాక గంటకు ఎంత అని చూసే అలవాటు ఆటంతటా పనికొస్తుంది.

వంటవాడి గుడ్డు, పాలు, పిండి

పాఠాలు చెప్పే దీవి దాటి లంబ్రిడ్జ్ కోటలో అడుగుపెట్టినవారికి మొదట ఎదురయ్యే కథ వంటవాడిది. డ్యూక్ పుట్టినరోజుకు కేకు చేయాలి, సరుకులు తేవడం మరిచిపోయాడు. ఒక గుడ్డు, ఒక బకెట్ పాలు, ఒక కుండ పిండి తెచ్చిపెట్టాలి. బకెట్, కుండ కోటలోనే దొరుకుతాయి. గుడ్డు కోళ్ల దొడ్డిలో నేలమీద ఉంటుంది. పాలు పితకడానికి పాడి ఆవు వేరుగా ఉంటుంది, మిగతా ఆవుల దగ్గర బకెట్ పట్టుకుని నిలబడితే లాభం లేదు. పిండి దగ్గరే అసలు పని. చేలో గోధుమ కోసి, మిల్లు పై అంతస్తుకు మోసుకెళ్లి, తొట్టిలో వేసి, పక్కనున్న మీట తిప్పాలి. మీట తిప్పాక అక్కడే నిలబడి పిండి కోసం వెతికేవారు చాలామంది. పిండి కింది అంతస్తులోని పెట్టెలో పడుతుంది. మెట్లు దిగివచ్చి కుండతో ఎత్తుకోవాలి.

ఈ క్వెస్ట్‌కు దక్కేది 300 వంట ఎక్స్‌పీ, ఒక క్వెస్ట్ పాయింటు. వంటలో 1 నుంచి 4వ లెవెల్‌కు చేరడానికి అది సరిపోతుంది. అంతకన్నా విలువైనది అది చూపించే పద్ధతి. రూన్‌స్కేప్‌లో ఒక స్కిల్‌లో పండింది ఇంకో స్కిల్‌కు ముడిసరుకు. గనిలో తవ్విన రాగి, తగరం కొలిమిలో కంచు అవుతాయి. ఆ కంచు గొడ్డలై చెట్టు మీదికి వెళ్తుంది. చెట్టు దుంగలు పొయ్యి అవుతాయి. పట్టిన చేప ఆ పొయ్యి మీద ఉడికి యుద్ధంలో ప్రాణం నిలుపుతుంది. ఒక్క స్కిల్‌నే పట్టుకుని వేలాడటం కన్నా అన్నింట్లో 15, 20 లెవెల్స్ దాకా రావడం కొత్తవారికి మేలు. కింది మెట్లు చవకని ముందే తేలింది కాబట్టి దీనికి పెద్దగా సమయం కూడా పట్టదు.

0.6 సెకన్ల తాళం

కొత్తవారిని అయోమయంలో పడేసే మరో విషయం, శత్రువు మీద ఎన్నిసార్లు క్లిక్ చేసినా కత్తి వేగం పెరగకపోవడం. రూన్‌స్కేప్ సర్వర్‌లో కాలం నిరంతరంగా పారదు. 0.6 సెకన్లకు ఒకసారి కొట్టుకుంటుంది. ఆ ఒక్కో కొట్టుడును టిక్ అంటారు. కోలాటంలో కర్ర ఎప్పుడు పైకెత్తినా దెబ్బ తాళం మీదే పడాలి, ఇక్కడా అంతే. క్లిక్ ఏ క్షణంలో చేసినా దాన్ని సర్వర్ లెక్కలోకి తీసుకునేది తర్వాతి టిక్‌లోనే. నడిస్తే టిక్‌కు ఒక గడి, పరిగెత్తితే రెండు గడులు కదులుతారు. ఆటలో ప్రతి చర్యా ఇన్ని టిక్‌లని కొలత వేసి ఉంటుంది.

ఆయుధాల ఎంపిక దీనిమీదే ఆధారపడుతుంది. సిమిటార్ అనే వంపు కత్తి 4 టిక్‌లకు ఒకసారి, అంటే 2.4 సెకన్లకు ఒకసారి దెబ్బ వేస్తుంది. లాంగ్‌సోర్డ్ 5 టిక్‌లకు, రెండు చేతులతో పట్టే పెద్ద కత్తి 7 టిక్‌లకు. నిమిషానికి చూస్తే సిమిటార్‌కు 25 దెబ్బలు, లాంగ్‌సోర్డ్‌కు 20, పెద్ద కత్తికి 14. ఒకే లోహంతో చేసిన లాంగ్‌సోర్డ్ ఒక్కో దెబ్బకు సిమిటార్ కన్నా కాస్త ఎక్కువ బలం చూపిస్తుంది కానీ, నిమిషానికి తగ్గిపోయే ఐదు దెబ్బల నష్టాన్ని అది పూడ్చలేదు. పైగా గోబ్లిన్ లాంటి చిన్న ప్రాణి మీద పెద్ద కత్తి బలంలో చాలా భాగం వృథా. 5 పాయింట్ల ప్రాణం ఉన్నదాన్ని ఎంత గట్టిగా కొట్టినా ఎక్స్‌పీ వచ్చేది ఆ 5 పాయింట్లకే. దుకాణంలో కత్తి పరిమాణం చూసి డబ్బు పెట్టకుండా, అటాక్ లెవెల్ అనుమతించిన మేరకు సిమిటార్లు మారుస్తూ పోవడం కొత్తవారికి సరైన దారి. ఉక్కుకు 5, మిత్రిల్‌కు 20, ఆడమెంట్‌కు 30, రూన్‌కు 40 లెవెల్ కావాలి.

తెలుగు నేల మీద నుంచి ఆడేవారికి ఈ 0.6 సెకన్ల పద్ధతి ఒక మేలు చేస్తుంది. సర్వర్ ఇంగ్లండ్‌లో ఉందనుకుని, హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా గీత గీస్తే దాదాపు 7,700 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కనుక సంకేతం పోయి రావడానికి ఎంత తక్కువన్నా 0.08 సెకన్లు పడుతుంది. తీగలు నేరుగా వెళ్లవు, మధ్యలో ఎన్నో మజిలీలుంటాయి కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. తుపాకులు పేల్చే ఆటల్లో అంత ఆలస్యం అంటే ఓటమే. ఇక్కడ ఆ ఆలస్యం ఒక టిక్‌లో ఇమిడిపోతుంది. ఏ ప్రపంచంలోకి ప్రవేశించాలో ఎంచుకునే పట్టికలో ఒక్కో సర్వర్ ఏ దేశంలో ఉందో రాసి ఉంటుంది. రెండు మూడింటిలో ఆడి చూసి తక్కువ ఆలస్యం ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

కవచం చేసేదేమిటి?

ఇనుప కవచం తొడుక్కుంటే దెబ్బ తక్కువ తగులుతుందన్న అపోహ చాలాకాలం ఆడినవారిలోనూ ఉంది. ఆటలో ప్రతి దెబ్బకూ సర్వర్ రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకుంటుంది. మొదటిది, దెబ్బ తగిలిందా లేదా. కొట్టేవారి అటాక్ లెవెల్‌నూ ఆయుధాన్నీ బట్టి ఒక పరిధి, కాచుకునేవారి డిఫెన్స్ లెవెల్‌నూ కవచాన్నీ బట్టి ఇంకో పరిధి ఏర్పడతాయి. ఒక్కో పరిధి నుంచి ఒక్కో అంకెను యాదృచ్ఛికంగా తీస్తారు. కొట్టేవారి అంకె పెద్దదైతేనే దెబ్బ తగిలినట్టు. అప్పుడు రెండో నిర్ణయం, ఎంత తగిలింది. అది పూర్తిగా కొట్టేవారి బలాన్ని బట్టి, వారి గరిష్ఠ దెబ్బ లోపల ఏదో ఒక అంకె. ఇందులో కవచానికి పాత్ర లేదు. కవచం తగిలే దెబ్బల సంఖ్యను తగ్గిస్తుంది, తగిలిన దెబ్బ తీవ్రతను తగ్గించదు. ఒక శత్రువు గరిష్ఠంగా 15 కొట్టగలిగితే, ఎంత మంచి కవచం ఉన్నా ఒక్క దెబ్బకు 15 పోయే అవకాశం ఉండనే ఉంటుంది. ప్రాణం 15కు పడకముందే తినాలన్న జాగ్రత్త ఇక్కడి నుంచే పుట్టింది.

తిండికీ టిక్‌ల లెక్క ఉంది. తిన్నప్పుడు తర్వాతి దెబ్బ వేయడం 3 టిక్‌లు, అంటే 1.8 సెకన్లు ఆలస్యమవుతుంది. రొయ్య 3 పాయింట్ల ప్రాణం ఇస్తుంది, ట్రౌట్ చేప 7, లాబ్‌స్టర్ 12. సంచిలో పట్టేవి 28 వస్తువులే. రొయ్యలతో నింపుకున్న సంచి, లాబ్‌స్టర్లతో నింపిన సంచిలో నాలుగో వంతు పని మాత్రమే చేస్తుంది, పైగా అంతే ప్రాణం తిరిగి రావడానికి నాలుగు రెట్ల సమయం తీసుకుంటుంది.

దెబ్బల్లోనూ మూడు జాతులున్నాయి: కత్తి, విల్లు, మంత్రం. కత్తివీరుడి లోహకవచం బాణాలను బాగా ఆపుతుంది, మంత్రాన్ని ఆపలేదు. మంత్రగాడి వస్త్రాలు బాణం ముందు నిలవవు. విలుకాడి తోలు కవచం మంత్రాన్ని తట్టుకుంటుంది. కొత్తవారు మొదటిసారి దీని రుచి చూసేది వారాక్ నగరానికి దక్షిణాన రాళ్ల వలయం దగ్గర. అక్కడ తిరిగే నల్ల మాంత్రికులు 7, 20 స్థాయిలవారు. దారిన పోయేవారి మీదికి తమంతట తామే వస్తారు, లోహకవచం వారి మంత్రాలకు అడ్డురాదు.

శత్రువు తనంతట తాను మీదికి రావడానికీ ఒక నియమం ఉంది. ఆటగాడి పోరాట స్థాయి (పోరాట స్కిల్స్ అన్నిటినీ కలిపి లెక్కగట్టే అంకె) శత్రువు స్థాయికి రెట్టింపు దాటితే అది ఇక పట్టించుకోదు. కొత్త పాత్ర పోరాట స్థాయి 3. కనుక 7వ స్థాయి మాంత్రికుడూ వదలడు, 20వ స్థాయివాడూ వదలడు. 15కు చేరితే మొదటివాడు, 41కి చేరితే రెండోవాడు కన్నెత్తి చూడడు. అప్పటిదాకా లంబ్రిడ్జ్ నుంచి వారాక్ వెళ్లేవారు ఆ వలయాన్ని దూరంగా చుట్టి పోవడం మంచిది.

128లో ఒకటి

డబ్బు కట్టనివారికి అందుబాటులో ఉన్న శత్రువుల్లో కొండరాక్షసులు పేరున్నవి. వీటిని చంపితే ఒక్కోసారి పెద్ద తాళంచెవి దొరుకుతుంది. దాంతో ఓబోర్ అనే రాక్షసరాజు గుహ తలుపు తెరవవచ్చు. తాళంచెవి దొరికే అవకాశం 128లో ఒకటి. 128 రాక్షసులను చంపితే తప్పకుండా దొరుకుతుందని కొత్తవారు ఎదురుచూస్తారు. దొరకనప్పుడు ఆటలో ఏదో లోపముందని అనుకుంటారు.

సర్వర్‌కు జ్ఞాపకం లేదు. ప్రతి రాక్షసుడు పడినప్పుడూ కొత్తగా చీటీ తీస్తుంది. అంతకుముందు వంద చీటీలు ఖాళీగా పోయాయన్న సంగతి దానికి తెలియదు, ‘ఇక వచ్చే సమయమైంది’ అన్న జాలి దానికుండదు. ఒక రాక్షసుడి దగ్గర తాళంచెవి రాకపోయే అవకాశం 128లో 127. 128 సార్లు వరుసగా రాకపోయే అవకాశం తేలాలంటే ఆ భిన్నాన్ని 128 సార్లు గుణించాలి. జవాబు సుమారు 37 శాతం. అంటే 128 రాక్షసులను చంపిన ప్రతి వందమందిలో 37 మంది ఉత్తచేతులతోనే మిగులుతారు. 256 చంపాక కూడా 13 మందికి దొరకదు. 384 తర్వాత ఐదుగురు మిగులుతారు. వందలో 99 మందికి దొరకాలంటే దాదాపు 590 చంపాలి.

ఇలా ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి మనసును గట్టిగా పట్టేస్తుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో దీన్ని గమనించారు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ వస్తే, గింజలు ఆగిపోగానే అవి నొక్కడమూ త్వరగా మానేస్తాయి. ఎన్నో నొక్కుకు వస్తుందో తెలియనప్పుడు మాత్రం ఆపకుండా నొక్కుతూనే ఉంటాయి. అరుదైన వస్తువు కోసం కూర్చునేవారు ‘ఇంకొక్కటి’ అనుకుంటూ రాత్రి గడిపేయడం వెనుక ఉన్నదీ ఇదే. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉన్నవారు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వస్తువు దొరికేదాకా అని కాకుండా, గడియారం చూసి ఆట ముగించే పద్ధతి మొదటి వారంలోనే అలవాటు కావాలి. తాళంచెవి వచ్చే అవకాశం రేపు కూడా 128లో ఒకటే ఉంటుంది.

నాణెం పుట్టుక, చావు

ఆటలో నాణేలు రెండు విధాలుగా చేతికొస్తాయి. ఒక ఆటగాడు ఇంకో ఆటగాడికి చేపలు అమ్మితే నాణేలు జేబు మారతాయే తప్ప లోకంలో మొత్తం పెరగదు. రాక్షసుడి దగ్గర నాణేలు దొరికినా, మంత్రంతో వస్తువును బంగారంగా మార్చినా అవి అప్పుడే పుట్టిన నాణేలు. 55వ మాంత్రిక లెవెల్‌లో వచ్చే హై ఆల్కెమీ మంత్రం వస్తువును మాయం చేసి, ఆట దానికి కట్టిన విలువలో 60 శాతాన్ని నాణేలుగా ఇస్తుంది. ఇలా రాత్రింబవళ్లు లక్షలమంది నాణేలు పుట్టిస్తూ పోతే వాటి విలువ పడిపోతుంది. అందుకే నాణేలను లోకం నుంచి తీసేసే దారులూ పెట్టారు. సంతలో అమ్మకంపై 2021 డిసెంబరులో 1 శాతం పన్ను మొదలైంది, 2025లో 2 శాతానికి పెరిగింది. ఆ పన్నులో కొంత భాగంతో జాగెక్స్ సంతలోని వస్తువులనే కొని లోకం నుంచి తీసేస్తుంది.

ఆ సంత పేరు గ్రాండ్ ఎక్స్ఛేంజ్, వారాక్‌కు వాయవ్యంలో ఉంటుంది. ఓల్డ్ స్కూల్‌లో దీన్ని 2015లో తెచ్చారు. అమ్మేవారు ఒక ధర పెట్టి వెళ్లిపోతారు, కొనేవారు ఒక ధర పెట్టి వెళ్లిపోతారు, కుదిరినప్పుడు సర్వర్ రెంటినీ కలుపుతుంది. ముందుగా పెట్టి ఉన్నవారి ధరకే బేరం తెగుతుంది. ఒకరు 100కు అమ్మకానికి పెట్టిన దుంగను తర్వాత వచ్చినవారు 120 ఇస్తామన్నా 100కే దక్కుతుంది, మిగిలిన 20 వెనక్కి వస్తాయి. తొందరపడేవారు ఎక్కువ ధర పెట్టి వెంటనే కొంటారు. ఓపికున్నవారు తక్కువ ధర పెట్టి, చేపలు పట్టుకుని తిరిగొచ్చేసరికి సరుకు సిద్ధంగా ఉంటుంది. ఒక వస్తువును నాలుగు గంటల్లో ఇన్నే కొనాలన్న పరిమితి ఉంది కాబట్టి ఒక్కరే సంతనంతా కొనేసి ధర పెంచడం కష్టం. కొంత ఆటకాలం, కొన్ని క్వెస్ట్ పాయింట్లు, కొంత మొత్తం లెవెల్ వచ్చేదాకా కొత్త ఖాతాలు కొన్ని రకాల సరుకులను అమ్మలేవు. యంత్రాలతో వేల ఖాతాలు నడిపేవారిని అడ్డుకోవడానికి పెట్టిన నియమం అది.

మొదటి డబ్బుకు దగ్గరి దారి ముడిసరుకే. చేపలు, దుంగలు, ఖనిజం, తోళ్లు పైస్థాయి ఆటగాళ్లకు వేలల్లో కావాలి. వాటిని స్వయంగా సేకరించే ఓపిక వారికి ఉండదు. ఊరి దుకాణదారుకు అమ్మితే ఒక్కో వస్తువుకూ ధర తగ్గిస్తూ పోతాడు. సంతలో అమ్మితే ఆ బాధ లేదు.

నిజమైన డబ్బు ఇచ్చి ఆట బంగారం కొనడం నియమాలకు విరుద్ధం. ఆ వ్యాపారం ఆటను ఎంత దెబ్బతీసిందంటే, 2008 జనవరిలో జాగెక్స్ ఆటగాళ్ల మధ్య స్వేచ్ఛా మార్పిడినే ఆపేసింది. దొంగ క్రెడిట్ కార్డులతో ఖాతాలు తెరిచి బంగారం పోగుచేసే ముఠాల బెడద అందుకు కారణం. ఓటింగ్ తర్వాత 2011 ఫిబ్రవరిలోగానీ అది తిరిగి రాలేదు. ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్న వెనిజులాలో కొందరు ఈ ఆటలో బంగారం తవ్వి అమ్ముకుని ఇల్లు గడుపుకున్నారు. చందా కట్టలేనివారికి నియమాల లోపలే ఒక దారి ఉంది. బాండ్ అనే వస్తువును డబ్బుతో కొన్నవారు దాన్ని సంతలో నాణేలకు అమ్ముతారు. నాణేలతో దాన్ని కొన్నవారికి 14 రోజుల చందా వస్తుంది.

కందకం దాటితే

మామూలు చోట చనిపోతే అత్యంత విలువైన మూడు వస్తువులు ఒంటిమీదే ఉంటాయి. మిగతావి చనిపోయిన చోట సమాధి కింద 15 నిమిషాలు ఉంటాయి. వెళ్లి తెచ్చుకోవచ్చు.

ఉత్తరాన ఉన్న కందకం అవతలి వైల్డర్‌నెస్‌లో ఇంకో ఆటగాడి చేతిలో చనిపోతే ఈ సమాధి వెసులుబాటు వర్తించదు. అక్కడ ఆటగాళ్లు ఆటగాళ్లనే చంపవచ్చు, చచ్చినవారు వదిలిన సొమ్ము చంపినవారిది. లోపలికి వెళ్లేకొద్దీ ఆ ప్రాంతపు స్థాయి పెరుగుతుంది. దాడి చేయడానికి పోరాట స్థాయిల తేడా ఎంతవరకు అనుమతిస్తారో ఆ అంకే చెబుతుంది. 1వ స్థాయి నేలమీద 30వ స్థాయి ఆటగాడి మీద 29 నుంచి 31 వరకు ఉన్నవారే దాడి చేయగలరు. 20వ స్థాయి నేలకు వెళ్తే 50వ స్థాయివారు కూడా. మామూలు మంత్రాలతో మాయమై తప్పించుకునే వీలు కూడా ఆ 20తోనే ఆగిపోతుంది. అటు వెళ్లాల్సిన పని పడితే పోయినా బాధలేని మూడు నాలుగు వస్తువులతో మాత్రమే వెళ్లాలి.

ఖాతా భద్రత

వైల్డర్‌నెస్‌లో పోయేది సంచిలోని సరుకు. మోసగాళ్ల చేతిలో పడితే ఖాతా మొత్తం పోతుంది. సంత దగ్గర నిలబడి ‘మీ నాణేలు రెట్టింపు చేసి ఇస్తాం’ అని అరిచేవారు మొదట చిన్న మొత్తాన్ని నిజంగానే రెట్టింపు చేసి ఇస్తారు, పెద్ద మొత్తం చేతికి రాగానే మాయమవుతారు. ‘మీ కవచానికి బంగారు అంచు వేసి ఇస్తాం’ అన్న మాట పచ్చి అబద్ధం. అంచు వేసే స్కిల్ ఏదీ ఆటలో లేదు, అలాంటి కవచం నిధివేటల్లో మాత్రమే దొరుకుతుంది. ‘పాస్‌వర్డ్ రాసి చూడండి, ఆట దానంతటదే దాచేస్తుంది’ అన్నది ఇంకో పాత ఎత్తు. మార్పిడి చేసేటప్పుడు రెండో తెర ఒకటి వచ్చి మరోసారి అంగీకారం అడుగుతుంది. చివరి క్షణంలో వస్తువు మార్చేసేవారిని పట్టించడానికే ఆ తెరను పెట్టారు. చాలామంది దాన్ని చదవకుండానే నొక్కేస్తారు.

పాస్‌వర్డ్ దొంగిలించినవారికి అడ్డుకట్టలు రెండు. ఫోన్‌లో మారుతూ ఉండే అంకెల కోడ్ లేకుండా ఖాతా తెరుచుకోకుండా చేసే ఆథెంటికేటర్ ఒకటి, బ్యాంకులోని సరుకును కాపాడే నాలుగంకెల పిన్ రెండోది. రెంటికీ కలిపి పది నిమిషాలు పట్టదు, డబ్బు కట్టక్కర్లేదు. మొదటి గోబ్లిన్ మీద కత్తి ఎత్తకముందే ఆ రెండూ పెట్టుకోండి.